మన తిండి లేని పోషకాహార పాఠం
(ప్రభుత్వ బడి టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మా సారు ఒక్కొక్కర్ని లేపి "రాత్రి ఏం తిన్నవురా?" అని అడిగిండు. "పప్పన్నం సార్" అన్నా. అబద్ధం. ఆ రాత్రి మా అమ్మ పెద్దకూర వండింది. కడుపునిండా బలమైన తిండి తిని కూడా తలొంచుకుని అబద్ధమాడిన. మా తిండి నలుగురిలో చెప్పుకునేది కాదని బడిలోనే నేర్చుకున్నా.

ఇప్పుడు నేనే టీచర్ని. తరగతి గోడమీద చార్టు చూస్తే పాలు, నెయ్యి, ఆపిల్, బాదంపప్పు. అవి మంచివి కావని నేననను. కానీ మాలపల్లెలో, మాదిగగూడెంలో ఏ ఇంట్లో రోజూ బాదంపప్పు నానబెడతరు? మనం కొనలేనిదాన్ని బొమ్మ గీసి, మనం తినేదాన్ని మాయం చేస్తే అది సైన్సెట్లయితది?

సైన్సు చెప్పేది వినండి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో పదికి అటూఇటూ. మాంసం, కార్జంలోని ఇనుము ఆకుకూరల్లోని ఇనుము కన్నా సులువుగా ఒంటబడుతుంది. ఆకుకూరలో నిమ్మకాయ పిండితే దాని ఇనుమూ బాగా పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం, 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. నెత్తురు లేని దేశంలో నెత్తురు పట్టే కూరను నీచమనడం ఏం న్యాయం?

అంబలి తాగేటోళ్లని ఎక్కిరించారు. 2023లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో రాగిజావ పోస్తే అది పోషకాహారమైంది. సంతోషమే. మరి ఇన్నాళ్లూ దాన్ని కాచిన మన తల్లుల పేరు ఏ పాఠంలో ఉంది?

ఇక వంట సంగతి. బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న చెప్పింది. మీ మండలంలో ఎన్ని బడుల్లో మన తల్లులు గరిటె పట్టారో లెక్క తీయండి. మాదిగ తల్లి వండిందని ఊళ్లో పిల్లలు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే చోట ప్రొటీన్ పాఠం ఎంత చెప్పినా ఏం లాభం? బాబాసాహెబ్‌కు చిన్నప్పుడు బడిలో నౌకరు పోస్తేనే నీళ్లు. నౌకరు లేని రోజు దప్పికే. నీళ్లకాడి అంటరానితనం అన్నంకాడ ఇంకా కూర్చుని ఉంది.

అందుకే పాఠం పళ్లెం నుంచే మొదలుపెడదాం. ప్రైమరీ పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు రావాలని నిబంధన. పిల్లలచేతనే తూకం వేయించండి. లెక్కల పాఠమూ అదే, హక్కుల పాఠమూ అదే. చార్టు పక్కన ఇంకో చార్టు పెట్టండి: సజ్జరొట్టె, ఉలవచారు, ఎండుచేపలు, పొనగంటికూర, పెద్దకూర. అందర్నీ ఒకే వరసలో కూర్చోబెట్టి, మీరూ వాళ్లతో తినండి.

రేపు బడికి పోయి మా సారు అడిగిన ప్రశ్నే అడగండి. కాకపోతే ముందు మీరు తిన్నది చెప్పండి. నేనైతే "పెద్దకూర తిన్నా" అని చెప్తా. అప్పుడు వెనక వరసలో పిల్ల తలెత్తి నిజం చెప్తది.

జై భీమ్!