పదియవ తరగతి తరువాత ఇల్లు విడుచుట

ప్రతి సంవత్సరము వేసవి ఎండలు ముదిరిన దినములలో పదియవ తరగతి ఫలితములు వెలువడును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములలోను, వాని చుట్టునున్న పల్లెలలోను ఆనాటినుండి కొన్ని ఇండ్లలో ఒకటే ఆలోచన. బిడ్డకు మంచి మార్కులు వచ్చినవి. ఇడుపులపాయకు పంపవలెనా, కొడిగెనహళ్ళికి పంపవలెనా, లేక ఊరిలోని జూనియర్ కళాశాలలోనే చేర్చి కండ్లయెదుట ఉంచుకొనవలెనా? వ్యవధి కొద్ది వారములు మాత్రమే. నిర్ణయమో, బిడ్డ జీవితములో చాల భాగమును నడపునట్టిది. దీనిని గురించి ఈనాడు శ్రోతలతో కలిసి కొంత ఆలోచింపదలచితిమి.

తెలివిగల పల్లెబిడ్డలను ఒకచోట చేర్చి, కూడు, గూడు కల్పించి చదివించు ప్రయత్నము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వము గురుకుల పాఠశాలను ప్రారంభించినది. మరుసటి సంవత్సరమే, 1972లో, గుంటూరు జిల్లా తాడికొండలోను, హిందూపురమునకు సమీపముననున్న కొడిగెనహళ్ళిలోను అట్టి పాఠశాలలు వెలసినవి. కొడిగెనహళ్ళిలో తరువాత గురుకుల జూనియర్ కళాశాల కూడ ఏర్పడినది. ప్రవేశ పరీక్షలో నెగ్గిన బాలురు అచట రెండేండ్లు ఉండి ఇంటర్మీడియట్ పూర్తిచేయుదురు. లేపాక్షిలోని జవహర్ నవోదయ విద్యాలయములోనైతే ఆరవ తరగతికే బిడ్డలు ఇల్లు విడిచి చేరుదురు.

వీనికంటె భిన్నమైనది ఇడుపులపాయ. జనులు వాడుకగా ట్రిపుల్ ఐటీ అని పిలుచు ఆ విద్యాలయము, 2008లో చేసిన చట్టముచే ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయములో భాగము. మొదట ఇడుపులపాయ, నూజివీడు, బాసరలలో మూడు ప్రాంగణములు వెలసినవి. 2014లో రాష్ట్ర విభజనతో బాసర తెలంగాణకు చెందినది. 2016లో ఒంగోలు, శ్రీకాకుళము ప్రాంగణములు చేరినవి. పదియవ తరగతి ముగిసిన వెంటనే విశ్వవిద్యాలయములో ప్రవేశము, రెండేండ్లు పి.యు.సి., నాలుగేండ్లు బి.టెక్.; మొత్తము ఆరేండ్లు అక్కడనే నివాసము. ప్రవేశమునకు పదియవ తరగతి మార్కులే ఆధారము. కరోనా కారణమున పరీక్షలు జరుగని 2020, 2021 సంవత్సరములలో మాత్రము ప్రవేశ పరీక్ష పెట్టిరి. నివాసవసతి లేని ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి, వారి వెనుకబాటును గుర్తించి, 4 శాతము అదనముగా కలుపుదురు. మండల పాఠశాలలో చదివిన పేద బిడ్డకు పట్టణపు ప్రైవేటు పాఠశాల విద్యార్థితో సమానముగా నిలుచు అవకాశము దీనివలన కొంత లభించినది.

పదునైదేండ్లకే విశ్వవిద్యాలయమా అని కొందరు పెద్దలు శంకించుట కలదు. కాని 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడుటకు పూర్వము పి.యు.సి. చదువు విశ్వవిద్యాలయముల అధీనముననే ఉండెడిది. ఆ తరమువారు పదునైదు, పదునారేండ్లకే పెట్టె సర్దుకొని దూరపు ఊళ్ళ కళాశాలలకు పోయినవారే. చిత్తూరు జిల్లా కాటూరు అను పల్లెలో జన్మించి, మదరాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలనుండి 1958లో పట్టము పొంది, 1994లో కంప్యూటరు శాస్త్రమునకై ట్యూరింగ్ పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారు ఈ విశ్వవిద్యాలయమునకు కులపతిగా ఉండిరి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రము 1988లో ఇట్టి ఏర్పాటునే చేసి, గణితములో, విజ్ఞానశాస్త్రములలో చురుకైన పిల్లలను ఉన్నత పాఠశాల చివరి రెండేండ్లు విశ్వవిద్యాలయములోనే ఉంచి చదివించుచున్నది. కాబట్టి వయస్సు ఒక్కటే అడ్డంకి కాదు. ఆలోచింపవలసిన విషయములు వేరు కలవు.

మొదటిది, ఎన్నేండ్ల నిర్ణయము చేయుచున్నామన్నది. కొడిగెనహళ్ళికి పోయిన బాలుడు రెండేండ్ల తరువాత, పదునేడేండ్ల వయస్సున, మరల ఒకసారి దారి ఎంచుకొనును. ఇంజనీరింగో, వ్యవసాయ విద్యయో, డిగ్రీ కళాశాలయో అప్పుడు ఆలోచింపవచ్చును. ఇడుపులపాయకు పోవు బిడ్డ ఆరేండ్ల చివర పొందునది బి.టెక్. పట్టము. గణితమన్న, యంత్రములన్న మక్కువగల బిడ్డకు ఇది రాచబాట. వైద్యమునందో, న్యాయశాస్త్రమునందో, చరిత్రయందో మనసు నిలిచిన బిడ్డకు ఎంత గొప్ప సీటైనను అది పరుల చెప్పు వంటిది. నడువవచ్చును గాని కాలు ఒరసికొనును. “సీటు వచ్చినది కదా, వదులుకొందుమా?” అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడును. సీటు వచ్చుట బిడ్డ శక్తికి గుర్తు. బిడ్డ ఇష్టమును తెలిసికొనుటకు బిడ్డనే అడుగవలెను.

రెండవది, ఇంటి సంగతి. పెనుకొండ ప్రాంతమున వానను నమ్ముకొని వేరుసెనగ వేయు రైతునకు ఇంటిలోనే భోజనఖర్చు తగ్గుట చిన్న విషయము కాదు. ధర్మవరములో పట్టుచీర నేయు కుటుంబమున మరియొక చిక్కు కలదు. బడినుండి వచ్చిన పిల్లవాడు కండెలు చుట్టును, తండ్రికి చేదోడుగా మగ్గము కడ నిలుచును. ఆ చేయి పోయినచో పని కుంటుపడును. ఈ సంగతిని తల్లిదండ్రులు నోట అనరు. “అంత దూరమెందుకులే” అని మాత్రము అందురు. పిల్లవాడు గ్రహించి, తనకే ఇష్టము లేదని చెప్పివేయును. ఇట్లు ఒకరి మనసు ఒకరు ఊహించుకొని, ఎవరికిని ఇష్టము లేని నిర్ణయమునకు ఇంటిల్లిపాది చేరుట కద్దు. ఖర్చు ఎంత, పనికి కలుగు నష్టమెంత అనునది బిడ్డ వినుచుండగనే లెక్క వేసికొనుట మేలు. ప్రవేశ ప్రకటనలో ఫీజులు, ప్రభుత్వసహాయమునకు అర్హతలు ఇచ్చెదరు. వానిని ఇంటిలో చదువగలవారిచేత పూర్తిగా చదివించుకొనవలెను.

ఆడపిల్ల విషయములో ఈ ఆలోచనకు మరింత బరువు కలదు. పదియవ తరగతి తరువాత ఊరిలోనే ఉన్న బాలికకు బస్సు సౌకర్యము లేదనియో, సంబంధము వచ్చినదనియో చదువు ఆగిపోవుట మనము ఎరుగనిది కాదు. అట్టి ఇంటి బాలికకు ఆరేండ్ల నివాస విద్య ఆరేండ్ల రక్షణ కూడ. ఇటీవలి సంవత్సరములలో ట్రిపుల్ ఐటీలకు ఎంపికైనవారిలో బాలికలే అధికముగా ఉండుట సంతోషింపదగిన విషయము. “ఆడపిల్లను అంత దూరమెట్లు పంపుదుము?” అని అవ్వ అడిగిన, ఇంట ఉంచి ఎంతవరకు చదివింపగలమో ఆమెతో కూర్చుండి నిజాయితీగా మాటలాడవలెను.

మూడవది, పోయిన తరువాతి స్థితి. ఊరి బడిలో మొదటి స్థానమున నిలిచిన బిడ్డ, అట్టి మొదటి స్థానపు పిల్లలు వందలుగా చేరినచోట పదిమందిలో ఒకడగును. నిన్నటివరకు తెలుగులో విన్న పాఠము ఇంగ్లీషులో వినవలసి రావచ్చును. మొదటి పరీక్షలో మార్కులు తగ్గును. ఇంటి రాగిసంకటి మీదికి, అమ్మ మీదికి మనసు పోవును. ఇవి ఏవియు బిడ్డ తెలివికి కొరత కావు. దాదాపు అందరికిని కలుగు అనుభవములే. కాని ఆ సంగతి ముందుగా చెప్పనియెడల, తాను ఒక్కడే ఓడిపోయితినని ఆ లేత మనసు కుములును.

కాబట్టి నిర్ణయమునకు ముందు మూడు పనులు చేయుట మంచిదని మా మనవి. వీలైన బిడ్డను వెంటబెట్టుకొని కదిరి, పులివెందుల మీదుగా ఒక్కసారి ఇడుపులపాయ పోయి చూచి రండు. మీ మండలమునుండి అచట చదువుచున్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, పెద్దలు ప్రక్కన లేకుండ మీ బిడ్డను వారితో మాటలాడనిండు. పి.యు.సి. ముగిసిన తరువాత వెలుపలికి రాదలచిన ఏ పత్రములు ఇచ్చెదరు, ఎచట చేరవచ్చును అను విషయమును చేరుటకు ముందే అడిగి తెలిసికొనుడు.

ఇక మా అభిప్రాయము. గణిత విజ్ఞానములయందు ఆసక్తి గల ప్రభుత్వ పాఠశాల బిడ్డ తానుగా పోయెదనన్నచో పంపుటయే మేలని మేము తలచుచున్నాము. మన మూడు పట్టణములలో అట్టి బిడ్డకు ఇంతకు మించిన అవకాశము సులభముగా దొరకదు. మనసు మరియొక చోటనున్న బిడ్డను సీటు పోవునను భయముతో పంపరాదు. ఊరి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదివిన బిడ్డ జీవితము చెడినట్లు కాదు.

పంపునప్పుడు మాత్రము “మా పరువు నిలబెట్టవలెను, వెనుకకు రారాదు” అను ఆన పెట్టి పంపవలదు. “చదువుకో నాయనా, పొసగకున్న చెప్పు, వచ్చి తీసికొని పోయెదము, ఇక్కడ కూడ కళాశాల ఉన్నది” అని చెప్పి బస్సు ఎక్కించుడు. తిరిగి వచ్చుటకు దారి ఉన్నదని తెలిసిన బిడ్డ, కష్టము కలిగిన రాత్రి దానిని తనలో దాచుకొనక ఇంటికి ఫోను చేసి చెప్పుకొనును. ఆ మాట చెప్పుటకు మార్కులు, ఖర్చు, దూరము ఏవియు అడ్డురావు. ఏ పత్రముమీద సంతకము చేయుటకైనను ముందు ఇంటిలో ఆ మాట జరుగవలెను.