చిన్న విమానం నేర్పే మాట



నయీమ్‌లో పెరుగుతున్న మన పిల్లలకు ఒక్క ముచ్చట. నేడు కారెక్కి సౌదీకి వెళ్ళివస్తున్నాం. 1986 నవంబరులో 25 కిలోమీటర్ల వంతెన తెరిచేదాకా ఆ సముద్రాన్ని పడవలోనో, విమానంలోనో దాటవలసిందే. లేచిందో లేదో దిగే ప్రయాణమది!

1950లో ఫ్రెడ్డీ బాస్‌వర్త్ అనే బ్రిటిష్ వైమానికుడు ఇక్కడ గల్ఫ్ ఏవియేషన్ స్థాపించి, ఏడుగురు పట్టే ఆవ్రో ఆన్సన్ విమానాన్ని దోహాకు, దహ్రాన్‌కు నడిపాడు. మరుసటి ఏడే విమాన ప్రమాదంలో మరణించాడు. సంస్థ మాత్రం ఆగలేదు. 1974లో నాలుగు ప్రభుత్వాల ఉమ్మడి గల్ఫ్ ఎయిర్‌గా ఎదిగింది.

ఇప్పుడు దూరం తగ్గింది. రాకపోకలు తగ్గనివ్వకండి. పలకరింపు మానితే పక్కింటి చుట్టమూ పరాయివాడే. దమ్మాం, అల్‌ఖోబర్‌లలోని మనవారి గడప తొక్కుదాం. వారి పిల్లలను తెలుగులోనే పలకరిద్దాం.

సెలవు.