హస్తవాసికీ చదువు కావాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజినీరు కదా, యంత్రాల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు మన కార్యదర్శి గారు. ఒళ్లునొప్పుల గురించి చెబుతానన్నాను. ఈ హాల్లో యాభై దాటినవాళ్లమే ఎక్కువ కాబట్టి ఎవరూ కాదనరని నా ధైర్యం. కుర్చీలోంచి లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి వెయ్యనివాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి చెయ్యెత్తండి. చూశారా, ముందు వరసల్లో ఒక్క చెయ్యీ లేవలేదు!

నొప్పికీ మన నర్సీపట్నం ప్రాంతానికీ దగ్గర చుట్టరికం. చెరకు నరికేవాళ్ల నడుములు, చింతపల్లి వైపు నుంచి వచ్చిన బస్తాలు దించే కళాసీల భుజాలు, వరినాట్లు వేసే ఆడవాళ్ల మోకాళ్లు. బెణికినా, పట్టేసినా మనవాళ్లు ముందు వెళ్లేది ఆసుపత్రికి కాదు, మాలిష్ చేసే మనిషి దగ్గరికి. "ఆయన హస్తవాసి మంచిది" అంటాం. నేనా మాటను కొట్టిపారెయ్యను. ఆ హస్తవాసికి చదువు కూడా తోడు కావాలని, ఆ చదువు ఒక్కసారితో అయిపోయేది కాదని చెప్పడానికే నిలబడ్డాను.

మా వీధిలో ఒక ముసలమ్మ ఉండేది. గోరువెచ్చని ఆముదంతో బెణుకులు సర్దేది. ఆవిడలో నాకు ఇప్పటికీ గొప్పగా తోచేది ఆవిడ బాగుచేసిన కాళ్లు కాదు, ముట్టనన్న కాళ్లు. వాపు చూసి, వేలితో మెల్లగా తడిమి, ఒక్కోసారి చెయ్యి వెనక్కి తీసుకునేది. "ఇది నా పని కాదు బాబూ, నాను ముట్టను. పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోండి" అనేది. ఆవిడ అక్షరం చదువుకోలేదు. కానీ వైద్యంలో మొదటి పాఠం ఆవిడకు వచ్చు.

ఇప్పుడు కొంచెం చరిత్ర. మన తెలుగువారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది, 1894లో, లూయీ కూనే రాసిన ప్రకృతి వైద్య గ్రంథాన్ని వేంకటచలపతి శర్మగారు తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి వైద్య చరిత్రను అక్కడినుంచే మొదలుపెట్టి చెబుతారు. సరిగ్గా ఆ 1894లోనే లండన్‌లో నలుగురు నర్సులు కలిసి శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం పెట్టారు. మసాజ్ పేరుతో అక్కడ చాటుమాటు వ్యాపారాలు నడుస్తున్నాయని పత్రికలు గగ్గోలు పెడుతున్న రోజులవి. ఆ నలుగురూ తమ వృత్తి గౌరవం కాపాడుకోవడానికి ఒక దారి ఎంచుకున్నారు. పాఠం చెప్పడం, పరీక్ష పెట్టడం, నెగ్గినవాళ్లకే పట్టా ఇవ్వడం. 1920లో రాజముద్ర వచ్చింది. 1944లో ఆ సంఘమే ఫిజియోథెరపీ సంఘంగా పేరు మార్చుకుంది. అంటే బ్రిటన్‌లో ఫిజియోథెరపీ వృత్తికి పునాది మాలిష్ చేసే చేతులే.

మన దగ్గర సీసాలోని మందు ఇంటింటికీ చేరింది. దాన్ని రుద్దే చేతికి మాత్రం చదువు చేరలేదు. కళాశాలల్లో ఫిజియోథెరపీ డిగ్రీ ఉంది, ప్రకృతి వైద్యంలో ఐదున్నరేళ్ల డిగ్రీ ఉంది. 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో ఫిజియోథెరపిస్టులు జాతీయ కమిషన్ పరిధిలోకి వచ్చారు. సంతోషమే. కానీ మన గొలుగొండలోనో రోలుగుంటలోనో బెణుకు సర్దే మనిషికి ఏ తరగతి ఉంది?

చదువు లేని చెయ్యి ఎక్కడ ప్రమాదమో మూడు సంగతులు చెబుతాను. ఇవి నా సొంత కవిత్వం కాదు, ఎముకల వైద్యం పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే.

మొదటిది పిల్లల మోచెయ్యి. చెట్టుమీంచి పడ్డ పిల్లవాడి మోచెయ్యి వాస్తే నూనె రాసి గట్టిగా పిసుకుతారు. దెబ్బతిన్న కండరాన్ని అలా నలిపితే, ఆ కండరంలోనే ఎముక పెరిగే ప్రమాదం ఉంది. చెయ్యి ముడవదు, చాపుకోదు. పలక పట్టాల్సిన చెయ్యి బిగుసుకుపోతుంది.

రెండోది బిగుతు కట్టు. పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువాడు లేడు. ఆ పేరు చెప్పకుండానే ఊరూరా కట్లు కట్టేవాళ్లూ ఉన్నారు. ఎవరు కట్టినా సరే, కట్టు కట్టాక వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, నొప్పి గంటగంటకూ పెరిగినా అది మానుతున్న గుర్తు కాదు. రక్తం అందడం లేదని అర్థం. తెల్లారేదాకా ఆగకూడదు, కట్టు విప్పించి ఆసుపత్రికి పరుగెత్తాలి.

మూడోది పిక్క. ఢిల్లీలో 2016లో 23 ఏళ్ల యువకుడికి బ్యాడ్మింటన్ ఆడుతుంటే చీలమండకు దెబ్బ తగిలింది. పిండికట్టు విప్పాక కూడా కాలు నొప్పి, వాపు తగ్గలేదు. కన్నతల్లి ప్రేమగా నూనెతో మర్దన చేసింది. సిరలో ఉన్న రక్తపు గడ్డ కదిలి వెళ్లి ఊపిరితిత్తుల ధమనిలో అడ్డుపడింది. ప్రాణం పోయింది. ఎయిమ్స్ వైద్యులు ఆ సంగతిని వైద్య పత్రికలో ప్రచురించారు. ఆ తల్లిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. చాలాకాలం కదలకుండా ఉన్న కాలు ఒకవైపే వాచి, పిక్క నొప్పెడితే రుద్దకూడదని ఈ హాల్లో ఎంతమందికి తెలుసు?

అలాగని మర్దన పనికిరాదని అనుకోవద్దు. నడుంనొప్పికి మర్దన మీద జరిగిన 25 పరీక్షలను కోక్రేన్ సంస్థ 2015లో కలిపి చూసింది. కొద్దికాలం ఉపశమనం కనిపించింది. ఎక్కువకాలం నిలుస్తుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. కాబట్టి మర్దన ఇచ్చిన ఆ కాస్త వెసులుబాటులో వ్యాయామం మొదలుపెట్టించేవాడే తెలిసిన చికిత్సకుడు.

నేర్చుకున్నది పాతబడుతుంది కూడా. మర్దనతో కండరాల్లోని లాక్టిక్ ఆమ్లం కొట్టుకుపోతుందని మన డ్రిల్లు మాస్టర్లూ చెప్పారు, క్రీడా శిక్షకులూ చెప్పారు. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 11 మంది యువకుల తొడ కండరం ముక్కలు తీసి పరీక్షించారు. లాక్టిక్ ఆమ్లం తగ్గలేదు. కానీ మంటకు, వాపుకు దారితీసే సంకేతాలు తగ్గాయి. ఫలితం ఉంది, మనం చెప్పుకున్న కారణం వేరు. ఇలాంటివి ఎప్పటికప్పుడు తెలియాలంటే పట్టా పుచ్చుకున్నాక కూడా తరగతికి వెళ్లాలి.

మన బడి పిల్లలు కొందరు ఇప్పుడు టెక్సస్‌లో ఉన్నారు. అక్కడ మసాజ్ లైసెన్సు కావాలంటే ముందు 500 గంటల శిక్షణ పొందాలి. ఆ తరవాత రెండేళ్లకోసారి లైసెన్సు కొనసాగించుకోవాలంటే మరో 12 గంటలు చదవాలి. మా రంగంలోనూ అంతే. అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల కోడ్ ప్రకారం ఒక వెల్డరు ఆరు నెలలపాటు ఆ పద్ధతిలో వెల్డింగ్ చెయ్యకపోతే అతని అర్హత చెల్లదు, మళ్లీ పరీక్షకు నిలబడాలి. ఇనుప గొట్టం అతికేవాడికే ఇంత నియమం ఉంటే, మనిషి వెన్నుపూస మీద చెయ్యి వేసేవాడికి ఏమీ అక్కర్లేదా?

ఇక నా విన్నపం. స్వర్ణోత్సవ నిధిలోంచి మన సంఘం మూడు పనులు చేపట్టాలి.

ఒకటి, ఏడాదికి రెండుసార్లు మన బడిలోనే ఒకరోజు తరగతి పెడదాం. చుట్టుపక్కల మండలాల్లో, ఏజెన్సీలో మాలిష్ చేసేవాళ్లనూ, కట్లు కట్టేవాళ్లనూ, బడుల వ్యాయామ ఉపాధ్యాయులనూ పిలుద్దాం. పాఠం ఫిజియోథెరపిస్టూ ఎముకల డాక్టరూ చెప్పాలి. వచ్చినవాళ్లకు భోజనంతోపాటు ఆ రోజు కూలి కూడా ఇవ్వాలి. రోజు పని మానుకుని పాఠం వినమనడం మనకు సులువు, వాళ్లకు కాదు. వాళ్లను తప్పుపట్టే సభగా అది మారకూడదు. వాళ్లకు తెలిసింది కూడా మనం వినాలి.

రెండు, మన బడిలో చదివి ఫిజియోథెరపీలో చేరిన ఒక విద్యార్థికి ఏటా ఫీజు సాయం చేద్దాం. చదువు పూర్తయ్యాక ఆ తరగతుల్లో పాఠం చెప్పడమే అతను తీర్చాల్సిన బాకీ.

మూడు, ఇందాక చెప్పిన మూడు ప్రమాదాలనూ పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించి ఆటస్థలం గోడకు పెడదాం. దీనికి పెద్దగా ఖర్చు లేదు, రేపే చెయ్యొచ్చు.

మనలో ఒక్కొక్కరు ఏడాదికి వెయ్యి రూపాయలు వేసుకుంటే ఈ పని మొదలవుతుంది. నా వంతుగా మొదటి రెండు తరగతుల ఖర్చు నేను పెట్టుకుంటాను. వ్యాయామ ఉపాధ్యాయులు, మన సంఘంలోని డాక్టర్లు భోజనాల దగ్గర నన్ను కలవండి. మొదటి తరగతి తేదీ ఈరోజే అనుకుందాం.

 ఇక లేచి నిలబడండి, చాలాసేపు కూర్చోవడం నడుముకు మంచిది కాదు. సెలవు.