ఎర్ర మునియా: రంగు చూసి పేరు పెట్టొద్దు

పోయిన ఎపిసోడ్ కింద కామెంట్లలో సగం ఒకటే మాట: "అన్నా, ఆ ఎర్ర పిట్ట లొకేషన్ చెప్పు." చెప్పను. ఎందుకో తర్వాత మాట్లాడుకుందాం. ముందు దాన్ని మీ ఊరి చెరువు దగ్గరే ఎలా పట్టుకోవాలో చూద్దాం. కళ్లతో పట్టుకోవడం గురించే చెప్తున్నా.

దాని పేరు ఎర్ర మునియా. మునియాలని తెలుగులో జీనువాయి అని కూడా అంటారు. మొత్తం పొడవు 10 సెంటీమీటర్లు, పిచ్చుక కన్నా చిన్నది. వానలు పడి గడ్డి గింజ కట్టే రోజుల్లో మగది ముదురు ఎరుపులోకి మారి, ఒంటినిండా తెల్ల చుక్కలతో ఉంటుంది. అప్పుడు గుర్తుపట్టడానికి ఏ యాప్ అక్కర్లేదు.

అసలు తిప్పలు మిగతా నెలల్లో. జత కట్టే కాలం అయిపోగానే మగది ఆ ఎరుపంతా వదిలేసి ఆడదానిలాగా మట్టిరంగుకి వచ్చేస్తుంది. "ఇక్కడ ఎర్ర మునియాలు లేవు బ్రో" అని చాలామంది వెనక్కి వచ్చేది అప్పుడే. పిట్టలు మాత్రం కళ్ల ముందే ఉంటాయి.

కోడ్ రాసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్తా. మీ ఇఫ్-ఎల్స్‌లో రంగు చివరి కండిషన్ అవ్వాలి. మొదట ముక్కు చూడండి. పొట్టిగా, లావుగా, శంఖం ఆకారంలో ఉంటే గింజలు తినే పిట్ట. సన్నగా, కిందకి వంగి ఉంటే తేనెపిట్ట కావచ్చు, మునియా మాత్రం కాదు. తర్వాత నడుం కింద, తోక మొదట్లో చూడండి. ఎర్ర మునియాకి అక్కడ ఎరుపు ఏ కాలంలోనైనా ఉంటుంది, ఆడదానికీ ఉంటుంది. రెక్కల మీద చిన్న తెల్ల చుక్కలు కూడా పోవు. అదే చోట తెల్లగా ఉండి, తోక నల్లగా, మొనదేలి ఉంటే అది తెల్లగొంతు మునియా. రొమ్ము మీద చేప పొలుసుల్లాంటి గీతలుంటే చుక్కల మునియా. ఈ పొలుసులు పిల్లలకి ఉండవు, అవి ఉత్త గోధుమరంగులో ఉంటాయి. కాబట్టి గుంపులో పెద్దవాటిని వెతకండి.

ముక్కు రంగుకి కూడా క్యాలెండర్ ఉంది. ఎర్ర మునియా ముక్కు మే నెలలో ఎర్రబడటం మొదలై, నవంబర్, డిసెంబర్‌కి ముదిరి, ఏప్రిల్‌లో గబగబా నల్లగా మారుతుంది. నాకైతే ఒంటి ఎరుపు కన్నా ఇదే వింత.

ఎక్కడ వెతకాలి? జమ్ము, రెల్లు, నిలువెత్తు గడ్డి ఉన్న చెరువు గట్టు. పొద్దున్నే, ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి. గాలి లేకపోయినా ఒక గడ్డి పోచ వంగితే బైనాక్యులర్ అటు తిప్పండి. 8 రెట్లు పెంచి చూపించేది చాలు. "ముళ్ల పొదలు, పిచ్చి గడ్డి" అని జేసీబీ పెట్టి గట్టు క్లీన్ చేసేస్తారు చూశారా, వీటి ఇల్లు అదే. ఆ గడ్డిలోనే బంతిలాంటి గూడు కట్టుకుంటాయి.

ఇక లొకేషన్ సంగతి. దీని శాస్త్రీయ నామంలోని 'అమండవ' అన్న మాట అహ్మదాబాద్ నుంచి వచ్చింది. ఒకప్పుడు అక్కడి నుంచి పంజరాల్లో విదేశాలకి పంపేవారు. ఈ పిట్ట పేరులోనే వ్యాపారం ఉందన్నమాట. అలా పోయి తప్పించుకున్నవి ఇవాళ స్పెయిన్‌లో గుంపులుగా బతుకుతున్నాయి. మన దేశపు అడవి పక్షుల్ని పట్టి అమ్మడం 1990-91 నుంచి నిషేధం. అయినా సంతల్లో మునియాలు కనిపిస్తూనే ఉన్నాయి, కొన్నిటికి రంగులు కూడా పూస్తారు. వల వేసేవాడికి కావాల్సింది గుంపు రోజూ ఎక్కడ వాలుతుందన్న ఒక్క సమాచారమే. మన రీల్ దాన్ని ఫ్రీగా ఇచ్చేస్తుంది.

ఒక చెల్లి మెసేజ్ పెట్టింది: "నాలుగు కొని వదిలేశాను అన్నా, మంచిపనే కదా?" నీ మనసు మంచిదేరా, కానీ ఆ నాలుగు అమ్ముడుపోయాయి కాబట్టి రేపు ఇంకో ఎనిమిదికి వల పడుతుంది. ఈసారి కనిపిస్తే కొనకుండా అటవీ శాఖకి ఫోన్ చెయ్.

మీకు దొరికిన పిట్టల ఫొటోలు పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో కలిసి పేర్లు పెడదాం. ఫోన్ కెమెరాని బైనాక్యులర్‌కి ఆనించి తీసినవైనా పర్లేదు. పంపేముందు ఫొటోలో లొకేషన్ ఆఫ్ చేయండి. గూడు ఫొటోలు మాత్రం వద్దు.