చేతిపనివాడి ఆదివారం
(స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసాన్ని ఒక వడ్రంగి జ్ఞాపకార్థం ఏర్పాటు చేశారు. నాగళ్లూ బండి చక్రాలూ చేసిన ఆయన చేతులు మీరెరిగినవే. వారం వారం ఆరాధనకు తప్పని ఆయన నియమమూ మీరెరిగినదే. ఆయనను చూసినవారి ముందు ఆయన గుణాలను నేను వర్ణించడం బాగుండదు. ఆయనకు ముందు పని చేసుకుంటూనే దేవుణ్ణి వెతికినవాళ్ల గురించి చెబుతాను. మన సంఘాల చరిత్ర దొరల బంగళాల్లో మొదలైనట్టు రాసుకుంటున్నాం. అది పల్లెల్లో, గూడేల్లో మొదలైందని నా నమ్మకం.

ముందు జగ్గయ్యపేటలో ఆగుదాం. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గన్న పేరు పెట్టిన ఊరిది. పాత పేరు బేతవోలు. ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. బయటపడిన స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ ఏటి శాసనం ఉంది. మహాచైత్యమనే ఆ స్తూపం తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు నిలిపిన దాత రాజు కాదు. సిద్ధార్థుడనే శిల్పకారుడు, శిల్పకారుడి కొడుకు. తల్లి నాగిలాని, భార్య సముదాని, కొడుకు మూలసిరి, ఇంటిల్లిపాది పేర్లూ రాతి మీద చెక్కించాడు. సకల జీవుల మేలు కోసం ఇస్తున్నానన్నాడు. మతం వేరు, కాలం వేరు. అయినా ఆ శాసనం తలచుకున్నప్పుడల్లా నాకు మనవాళ్లే గుర్తొస్తారు. పదహారు వందల ఏళ్లకు ఇదే సీమలో దేవుడి కోసం నడిచిన పనివాళ్లకు అలా పేర్లు చెక్కించుకునే యోగం లేకపోయింది.

వాళ్లలో పేరు మిగిలిన ఒకడు పాగోలు వెంకయ్య. నందిగామ ప్రాంతంలోని రాఘవాపురం మాలపల్లె మనిషి. మొదట్లో దోపిడీగాళ్ల ముఠాకు నాయకుడని చెబుతారు. విగ్రహాల్లో దేవుడు లేడన్న మాట ఎవరి నోటనో విన్నాడు, అది మనసులో నాటుకుంది. అప్పటికి ఆయన బైబిలు చూడలేదు, బోధకుణ్ణి ఎరగడు. ఉన్న దేవుడెవరో కనబడమని, పేరు తెలియని ఆ దేవుణ్ణే అడుగుతూ వచ్చాడు. కృష్ణలో స్నానాలకు జనం బెజవాడ చేరినప్పుడు తానూ వెళ్లి, అక్కడ చర్చి మిషనరీ సొసైటీ తరఫున పనిచేస్తున్న డార్లింగ్ దొరను కలిశాడు. 1859లో రాఘవాపురంలో బాప్తిస్మం జరిగింది.

జరిగిన వరస చూడండి. బందరులో అదే సొసైటీకి చెందిన నోబుల్, ఫాక్స్ దొరలు 1841లోనే పని మొదలుపెట్టారు. నోబుల్ బడి పెట్టి పెద్ద కులాల పిల్లలకు చదువు చెప్పాడు. ఆ బడి గొప్పది, కాదనను. కానీ రాఘవాపురం ఉన్న మెట్టసీమకు వెలుగు అక్కడి నుంచి నడిచి రాలేదు. దాన్ని వెతుక్కుంటూ మెట్టసీమ మనిషే బెజవాడ దాకా నడిచాడు.

ఒంగోలు వైపు ఇంకొకాయన, ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారి. అంతకుముందు రాజయోగ సాధన చేసినవాడు. తోళ్ల బేరం మీద ఏలూరు దిక్కు వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాపురం పెట్టింది ఆ తరవాత, అదే ఏడు సెప్టెంబరులో. తోళ్ల కోసం తిరిగిన ఊళ్లలోనే, ఎరిగిన ఇళ్లలోనే పేరయ్య ఈ కబురు చెప్పాడు. బేరం కోసం పడిన దారి సువార్తకు పనికొచ్చింది.

ఇక ఆదివారం సంగతి. క్లౌ దొర చేరేవారికి మూడు షరతులు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. రైతు పిలిస్తే కాదనే హక్కు లేని కూలివాడికి, జాతరలో డప్పు కొట్టక తప్పనివాడికి ఆ మూడూ కలిస్తే జీవనాధారమే కదిలిపోతుంది. ఊరి పెద్దలు పనికి పిలవడం మానేసేవారు. కలిగినవాడికి ఆదివారం సెలవు. లేనివాడికి అది ఒక పూట గంజి. ఆ పూట వదులుకుని కూర్చున్నవాడి ప్రార్థనకున్న బరువు నా ప్రార్థనకు లేదు. ఒంగోలు వైపు అలా ఉంటే, కృష్ణా వైపు మన సీమ తరవాత దోర్నకల్ అధ్యక్షఖండంలో కలిసింది. 1912లో బిషప్పు అయిన అజరయ్యగారి ఏలుబడిలో పేదింటి అమ్మలు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి దేవుడికి పక్కన పెట్టేవారు. ఆ పిడికిళ్ల మీద గుళ్లు లేచాయి.

మా తరం వాళ్లం ఈ త్యాగాన్ని పొగిడి ఊరుకున్నాం. వాళ్ల మనవలకు ఇంకో ఖర్చు పడింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుణ్ణి చేర్చలేదు. గుడికి పోయినా పల్లె మారలేదు, బావి దగ్గర చూపూ మారలేదు. కాగితం మీద మాత్రం కులం పోయిందన్నారు. ఇది అన్యాయమని ఈ వేదిక మీద నుంచి చెప్పడం నా ధర్మం.

చివరగా సంఘ పెద్దలకు ఒక విన్నపం. ఆంగ్లికన్ పద్ధతి బాప్తిస్మ రిజిస్టరులో తండ్రి వృత్తికి ఒక గడి ఉంటుంది. మన పాత గుళ్ల బీరువాల్లో అలాంటి పుస్తకాలు ఎన్ని మిగిలాయో చూడండి. చెదలు పట్టకముందే ఫోటోలు తీయించండి. ఆ గడిలో వడ్రంగి, నేతగాడు, తాపీ మేస్త్రీ, కూలి అని ఉన్న ప్రతి పేరునూ ఊరివారీగా రాయించండి. చదవడం వచ్చిన పిల్లలు ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు. వాళ్ల పక్కన నేనూ కూర్చుంటాను.