పాలపండ్ల పక్షమున



తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీరు కొల్లేట చేరి ఉప్పుటేటి దారిన సముద్రమునకు పోవు ఈ సీమలో, శిశుదంతవైద్యమును విచారించుటకై ఏలూరు నగరమున కూడిన మీ యెదుట నేను విన్నవింపదలచినది ప్రధానముగా ఒక్కటియే: మన చికిత్స బిడ్డ నోటికి ఎంత తగియుండవలయునో, ఆ బిడ్డను తెచ్చిన తల్లి రాకపోకలకును అంత తగియుండవలయును. లంకగ్రామమున పడవ యెక్కి, గట్టున దిగి ఆటో పట్టుకొని, చేపల చెరువున ఆనాటి కూలి పోగొట్టుకొని వచ్చిన తల్లిని మరి మూడు వారములు వరుసగా రమ్మని పంపి, ఆమె రాకున్నచో నిర్లక్ష్యమని వ్రాసికొనుట మనకు సులభము. బుగ్గ వాచిన నాడు ఆమె తప్పక వచ్చును. ఆనాడు తరచుగా మనకు మిగులునది పన్ను పెరుకుటయే.

“ఊడిపోవు పండ్లకు ఇంత వైద్యమేల?” అని తాడేపల్లిగూడెము ఉల్లిపాయల వర్తకుడును, కొల్లేటి జాలరియు ఒక్క తీరుననే అడుగుదురు. ముందరి పాలపండ్లు ఆరేడేండ్లకు ఊడినను, పాలదవడపండ్లు పది పండ్రెండేండ్ల వరకు నిలిచి రాబోవు పండ్లకు చోటు కాపాడుననియు, వానిని ముందే పెరికినచో వెనుకటి పన్ను జరిగివచ్చి ఆ చోటును ఆక్రమించుననియు ఓపికతో చెప్పవలయును.

ఇంతకంటె పెద్ద పొరపాటు ఆరేండ్ల దవడపంటి విషయమున జరుగుచున్నది. ఏ పాలపన్నును ఊడకయే, వరుస చివర, ఎవరికిని తెలియకుండ మొలచు ఈ స్థిరదంతమును ఇంటివారు పాలపన్నే యనుకొందురు. దాని లోతైన గాడులలో తిండి చిక్కి, మొలచిన కొలది యేండ్లకే పుచ్చుపట్టినను, మరియొకటి వచ్చును గదా యని ఊరకుందురు. దాని స్థానమున వచ్చు పన్ను వేరొకటి లేదు. కావున ఆరు నిండిన బిడ్డ, తోబుట్టువు వెంట ఊరక వచ్చినదైనను సరే, నోరు తెరిపించి ఆ పన్నును చూచి, గాడులను సీలెంటుతో పూడ్చుట మన విధియని నా యభిప్రాయము.

ఒక్క రాకతో ముగియగల పద్ధతులు మనకు లేకపోలేదు. చేతి పనిముట్లతోనే పుచ్చును తొలగించి గ్లాస్ అయానమర్ నింపు విధానము 1980వ దశకమున టాంజానియాలో రూపొందినది. స్కాట్లండు దంతవైద్యురాలు నార్నా హాల్ పేర ప్రసిద్ధమైన విధానమున సూదియు, అరుగదీయుటయు లేక, నొప్పి, చీము లేని పాలదవడపంటికి ఉక్కు తొడుగు బిగింతుము. 38 శాతము సిల్వర్ డయమిన్ ఫ్లోరైడు పూత పుచ్చును ఆపును గాని మచ్చను నల్లబరచును. పూయుటకు ముందే తల్లికి చెప్పి సమ్మతి పొందవలయును. ముందరి పండ్లయినచో ఆడపిల్ల తల్లి తటపటాయించుట సహజమే. మగపిల్లవాని తల్లి అంతగా తటపటాయించదేమని నాకెప్పుడును వింతయే.

నల్లగొండ ఫ్లోరైడు మాట విని పేస్టునకు జంకువారు కలరు. 1937లో షార్టు బృందము నెల్లూరు జిల్లాలో వర్ణించిన ఫ్లోరైడు వ్యాధి యేండ్ల తరబడి త్రాగిన నీటిది. మూడేండ్ల లోపు బిడ్డకు మనము చెప్పునది బియ్యపు గింజంత పేస్టు, ఆపై బఠాణీ గింజంత. పాలసీసా నోట బెట్టుకొని నిద్రించుట మాన్పింపక ఈ రెండును చాలవు. “అల్లరి చేసితివా, డాక్టరుగారిచేత సూది వేయింతు”నను బెదిరింపును గూడ మాన్పింపవలయును. అది లేనిచో, అడెల్‌స్టన్ 1959లో చెప్పిన క్రమమున, ముందు చెప్పి, చూపి, పిదప చేయుటకు పిల్లలు చాలవరకు లోబడుదురు.

పాఠశాలల ఉపాధ్యాయులకు ఒక్క మాట అందజేయుడు: ఆటలో ఊడిపడిన స్థిరదంతమును వేరు తాకకుండ పట్టుకొని, వెంటనే దాని స్థానమున నిలుపుటో, పాలలో వేసి గంటలోపల మనకడకు తెచ్చుటో చేయవలయును. ఊడిన పాలపన్నును మాత్రము మరల నాటరాదు. ఈ విషయముపైననే తొలి పత్రము గలదు. దానిని చదువుటకు వక్తను ఆహ్వానించుచున్నాను.