అరకులో కాటేజీలు, ఎవరి పేరు మీద?

నేనుండేది మస్కట్‌లో. మాది శృంగవరపుకోట. మా ఊరు దాటితే అరకు ఘాట్ రోడ్డే. అందుకే ఈ వారం ఆ కొండ గురించి.

క్యాంపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. అరకులో అరెకరం చవగ్గా వస్తుంది, కాటేజీలు వేద్దాం, తలా కొంత పెట్టండి అని. మా సైట్‌లో షట్టరింగ్ కార్పెంటరు ఒకతను "పెట్టమంటారా సార్?" అని అడిగాడు. వద్దు తమ్ముడూ అన్నాను.

అరకు షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ 1/70 చట్టం ఉంది, 1970 నాటిది. గిరిజనుడు కానివాడు ఆ భూమి కొనకూడదు. అమ్మేవాడు గిరిజనుడు కాకపోయినా అంతే. లీజూ కుదరదు. అందుకని కొందరు ఏం చేస్తారంటే, గిరిజనుడి పేరు పెట్టి తమ డబ్బుతో కడతారు. ఒక్కోచోట ఆ పేరు గల మనిషే గేటు దగ్గర వాచ్‌మన్!

ఈ కథ మనకి తెలిసిందే. ఇక్కడ అర్బాబ్ పేరు మీద షాపు నడిపేవాళ్ళు లేరూ? ఆయన ఖలాస్ అంటే ఖలాస్. అక్కడ మాత్రం తిరగబడింది. కాయితంలో ఉన్నవాడికి జీతం, లేనివాడికి లాభం.

టూరిస్టులు రావద్దని కాదు నా మాట. 2017లో అద్దాల రైలు పెట్టె వేశాక విశాఖ నుంచి ఆ సొరంగాలు చూస్తూ వెళ్ళడం భలే సరదా. బొర్రా వైపు గనుల లీజుల మీదే సమత కేసు నడిచింది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకి గనుల లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కొండ వాళ్ళు పోరాడి నిలబెట్టుకున్నదే మనం చూడ్డానికి వెళ్తున్నాం.

నా పని కట్టడం కాబట్టి ఆ లెక్కే చెప్తాను. పెద్ద రిసార్టుకి సిమెంటు, ఇనుము, మేస్త్రీ అన్నీ కింద నుంచి ఎక్కుతాయి, అద్దె మళ్ళీ కిందకే దిగుతుంది. బొంగులో చికెన్ కాల్చే ఆవిడ చేతికిచ్చిన డబ్బు ఆ ఊళ్ళోనే ఉంటుంది. కాఫీ గింజలు వాళ్ళ దగ్గరే కొన్నా అంతే. తన ఇంట్లోనే ఒక గది అద్దెకిచ్చే కుటుంబానికి మంచి బాత్రూమ్, సెప్టిక్ ట్యాంకు ఉంటే చాలు. మన ప్లంబర్లు సెలవుకి వెళ్ళినప్పుడు రెండు రోజుల్లో నేర్పగల పని అది.

మెసేజ్ వచ్చినవాళ్ళు ముందు ఊరి పేరు, సర్వే నంబరు అడగండి. అది షెడ్యూల్డ్ ఏరియాయో కాదో తహసీల్దారు ఆఫీసులో ఇంట్లోవాళ్ళ చేత కనుక్కోండి. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు పంపకండి.